మాటతీరు అంగడి సరుకా?

మా పేటలో నాలుగు వీధులు కలియుచోట, మందుల దుకాణముపై మేడమీద, రెండేండ్ల క్రిందట నొక పెద్ద బోర్డు వెలసినది. దానిమీద టై కట్టిన యువకుడొకడు పండ్లన్నియు కనబడునట్లు నవ్వుచు మన వంకకు చేయి చాచి యుండును. క్రింద పెద్ద యక్షరములతో, తొంబది దినములలో సాఫ్ట్ స్కిల్స్ నేర్పబడునని వ్రాసియున్నది. బరంపురమున పట్టుచీరలు అమ్ముట యెరుగుదుము, అప్పడములు అమ్ముట యెరుగుదుము. నడవడికను గడువు పెట్టి, వాయిదాల పద్ధతిమీద అమ్ముట మాత్రము మా యరువదియైదేండ్ల జీవితములో నిదియే చూచుట.

ఈ వ్యాసమును కోపముతో వ్రాయుచున్నాము. ఆ సంగతి ముందే చెప్పివేయుట మంచిది. బోర్డును చూచి నవ్వుకొని యూరకుందుము గాని, మా ప్రక్కయింటి పిల్లవానికి జరిగినది కన్నులార చూచిన పిమ్మట ఊరకుండలేకపోయితిమి.

ఆ పిల్లవాడు బి.కాం. ప్యాసయ్యెను. తండ్రికి చిన్న కిరాణా దుకాణము. నాలుగు తరముల క్రిందట శ్రీకాకుళము వైపునుండి వచ్చి యిచట స్థిరపడిన కుటుంబము. ఇంట తెలుగు, వీధిలో ఒడియా, దుకాణములో రెండును. తండ్రి చీటి పాడి పన్నెండు వేల రూపాయలు తెచ్చి ఆ మేడమీద కట్టెను. మొదటి దినముననే వారు పెట్టిన నిబంధన యేమనగా, ఈ తొంబది దినములును ఇంటిలోగూడ తెలుగు పలుకరాదు, తల్లితోనైనను ఇంగ్లీషుననే మాటలాడవలెను. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు. తెలుగు మాట చెవిని పడిన కొడుకు చదువు చెడునేమోయని, ఆ యిల్లాలు మూడు నెలలపాటు అన్నము వడ్డించుచు, ఇంకొంచెము వేయుదునా యని సైగతో నడిగినది. వాడు "నో థాంక్స్ మమ్మీ" యనుచుండెను. గోడ కివతల నుండి వినుచున్న మాకు కడుపు తరుగుకొనిపోయెను.

గడువు తీరినది. పిల్లవానికి విశాఖపట్టణములో నొక కంపెనీనుండి పిలుపు వచ్చినది. ఆ కంపెనీ పని యేమనగా, అప్పులు తీసికొన్న ఖాతాదారులకు టెలిఫోనులో సమాధానములు చెప్పుట. ఖాతాదారులలో పెక్కుమంది కోస్తా జిల్లాలవారు. పరీక్షాధికారి పిల్లవాని దరఖాస్తు చూచి, "మాతృభాష తెలుగని వ్రాసితివి గదా, ఈ పెద్దమనిషితో మాటలాడుము" అని టెలిఫోను చేతికిచ్చెను. అవతల నున్నది పలాస వైపు వృద్ధుడట. కట్టిన వాయిదాకు రశీదు రాలేదనియు, బాకీ యింకను చూపుచున్నారనియు ఆయన గోడు. మావాడు ఆయన చెప్పుట ముగియకముందే నేర్చుకొనిన ఇంగ్లీషు వాక్యమును అప్పగించెను. వృద్ధుడు మరల మొదటినుండి చెప్పెను. మావాడు మరల అదే వాక్యము. మూడవసారి ఆ వృద్ధుడు, "బాబూ, అక్కడ మనుసులెవురైనా ఉంటే పిలువు" అనెనట. పిల్లవాడు సాయంకాలపు రైలెక్కి తిరిగివచ్చెను. ఈ మాటలు వాడే మా యింటి అరుగుమీద కూర్చుండి, తెలుగులోనే చెప్పెను.

చదువవేసిన ఉన్న మతి పోయినదని మన పెద్దలు ఊరక అనలేదు. వాడు చిన్ననాట తండ్రి దుకాణములో కూర్చుండి, అరువు అడుగవచ్చిన వానిని నొప్పింపకుండ పంపుట యెట్లో, తూకము తక్కువైనదని కేకలు వేయు గిరాకీని శాంతింపజేయుట యెట్లో చూచుచు పెరిగినవాడు. పన్నెండు వేలు పుచ్చుకొని ఆ మేడమీదివారు చేసిన పని యేమనగా, వానికి సహజముగా వచ్చిన విద్యను వానిచేతనే మరపింపజేయుట.

ఇంతకును ఈ సాఫ్ట్ స్కిల్స్ అను మాట యెక్కడిది? అమెరికా సైన్యములో పుట్టినది. ఆ సైన్యపు శిక్షణ విభాగమువారు 1972లో నొక సమావేశము జరిపి, తుపాకి, ట్యాంకి మొదలగు యంత్రములతో పని లేని విద్యలను, అనగా మనుష్యులను నడుపుట, కాగితము నడుపుట వంటివానిని ఈ పేరున చర్చించిరి. సైనికులు తమ యవసరమునకు పెట్టుకొనిన మాట అది. దానితో మాకు తగవు లేదు. ఆ మాటను మన వీధికి తెచ్చి, దానికి టై కట్టి, తెలుగు పలుకరాదను నిబంధన తగిలించినవారితోనే మా తగవు.

మీరు గుమాస్తాగిరి చేసినవారు, మీకేమి తెలియునని కొందరు యువకులు మమ్ము అడిగినారు. సరియే. మేము మెట్రిక్యులేషన్ ప్యాసయి, టైపు లోయరు పూర్తిచేసి, 1981లో నొక కచ్చేరిలో చేరి, 2020లో విరమించితిమి. ఆ కచ్చేరి పేరు చెప్పము. మాకు ఈ విద్య యెట్లు వచ్చినదో, అంతకుముందు యెంత రానిదైయుండెనో చెప్పుటకు సిగ్గుపడవలసినదే గాని, చెప్పకున్న ఈ వ్యాసమునకు అర్థములేదు.

చేరిన మూడవ యేట కాబోలు, పల్లెనుండి యొక వృద్ధురాలు భర్త పోయినందున కుటుంబ పింఛను కొరకు మా బల్లయొద్దకు వచ్చినది. ఆమె కాగితములలో ఒకదానిలో ఇంటిపేరు ముందును, మరియొకదానిలో చివరను ఉండెను. ఒకచోట అప్పలమ్మ, మరియొకచోట అప్పలనర్సమ్మ. తెలుగు కుటుంబముల పేర్లు ఒడియా కచ్చేరీలలో పడు పాట్లు ఈ సంచిక చదువువారిలో నెరుగనివారు లేరు. ఆ పాట్లు మాకును తెలియును. మా సొంత సర్టిఫికెట్లలోనే మూడు విధములుగా నుండెను. అయినను మేమేమి చేసితిమి? పేర్లు వేరని యెఱ్ఱ సిరాతో వ్రాసి తిప్పియిచ్చితిమి. అదియు ఒడియాలో చెప్పితిమి. ఆమె తెలుగున అడిగినది, మేము ఒడియాలో బదులిచ్చితిమి. బల్లవెనుక కూర్చున్నవాడు తెలుగువాడని ఆమెకు తెలిసిన చనువు తీసికొనునేమోయని మా భయము. ప్రక్క బల్లవారి యెదుట మా గౌరవము తగ్గునని మరియొక భయము. ఆమె మూడుసార్లు తిరిగినది. తిరిగిన ప్రతిసారియు ఒకదినపు కూలి పోయినదని తరువాత తెలిసినది.

మూడవసారి వచ్చినప్పుడు మా బడబాబు, అనగా హెడ్డుగుమాస్తా, అచ్చమైన ఒడియా బ్రాహ్మణుడు, తన కుర్చీనుండి లేచివచ్చి, ఆమెను బల్లమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లు తెప్పించి, వచ్చీరాని తెలుగుతో, "అమ్మా, నెమ్మది చెప్పు, నీకు రెండు పేరా?" అని యడిగెను. ఆమె నవ్వినది. "పుట్టింట ఒకలాగ, అత్తింట ఒకలాగ పిలుస్తారు బాబూ" అన్నది. అంతియే! ఇద్దరును ఒక్కరేయని ప్రమాణపత్రమొకటి నోటరీయొద్ద వ్రాయించి తెమ్మని, దానికగు ఖర్చెంతయో చెప్పి, ఎవరికిని లంచమీయవలదని హెచ్చరించి పంపెను. పావుగంట పట్టినది. ఆమె వెళ్లిన తరువాత ఆయన మమ్ము కేకలు వేయలేదు. "మీ భాషలో మాటలాడినది గదా, మీరేల వినలేదు?" అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్నకు మా యొద్ద ఈనాటికిని సమాధానము లేదు.

ఆనాటినుండి మేము నేర్చుకొనినది చెప్పుదుము. వచ్చినవాడు చెప్పుట ముగియువరకు కలము ముట్టరాదు. కాగితములో లోపముండిన, లోపము చెప్పినంత మాత్రమున పని తీరదు. దానిని సరిచేయు దారియు ఆ నోటనే చెప్పవలెను. పై అధికారి తప్పు చేసిన పదిమందిలో ననక, ఫైలు పట్టుకొని గదిలోనికి పోయి చెప్పవలెను. మన తప్పైనచో నోట్ షీటులో మన చేతితోనే వ్రాయవలెను. ఈ చివరిది మాకు పట్టుబడుటకు పదేండ్లు పట్టినది. ఇవి మెత్తని విద్యలని యెవరనిరో గాని, మాకు టైపుకంటెను, లెక్కకంటెను ఇవే గట్టివిగా తోచినవి.

మన ప్రాంతమున పుట్టిన, పనిచేసిన ఇద్దరి పేర్లు ఇచట చెప్పక తప్పదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారిని మనము వాడుకభాష కొరకై తలచుకొందుము. (ఈ గ్రాంథికమును చూచిన ఆయన మాకు నాలుగు చీవాట్లు పెట్టెడివారే. చేయి అలవాటైపోయినది, ఏమి చేయుదుము!) ఆయన కొండలనుండి సంతకు దిగివచ్చు సవరల మాట వినవలెనని, ఆ భాష తెలిసినవానిని ఇంటనే యుంచుకొని నేర్చెను. వారి పిల్లలకు బడులు పెట్టెను, వాచకములు వ్రాసెను. సవర భాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయినవి. మన్యములో తిరుగుటచే జ్వరము తగిలి, దానికి క్వినైను మిక్కుటముగా వాడుటచే వినికిడి పోయినది. చెవులు పోగొట్టుకొనియు ఆయన ఎదుటివాని మాటను వినెను. రెండు చెవులు సరిగానున్న మేము పింఛను కొరకు వచ్చిన తెలుగు తల్లి మాట వినలేదు.

రెండవవారు మా బరంపురముననే 1894లో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు. ఇచటి ఖల్లికోట కళాశాలలో చదివి, డబ్లినులో న్యాయశాస్త్రము నేర్చి వచ్చినవారు. రాష్ట్రపతియైన సంగతి అందరెరుగుదురు. అంతకుముందు సంగతి మన పిల్లలకు చెప్పువారు లేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు ఆయన నాయకుడు. 1928లో ఆ కార్మికుల సమ్మెను హింస లేకుండ నడిపెను. యజమానియు పనివాడును తగవు వచ్చినప్పుడు న్యాయస్థానపు మెట్లెక్కుటకంటె ముందు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనవలెనని ఆయన జీవితాంతము వాదించెను. దానికి గిరి పద్ధతియనియే పేరు వచ్చినది. 1952లో కేంద్ర కార్మికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చుట కొప్పుకొనక 1954లో పదవి విడిచెను. మెత్తగా మాటలాడుట వేరు, మెత్తబడిపోవుట వేరని తెలిసినవాడు. ఆ మేడమీది పాఠములలో ఈ రెండవ సంగతి యెక్కడను లేదు. ఎల్లవేళల నవ్వుముఖము పెట్టుట, పై అధికారి యేమన్నను తలయూచుట, ఇదియే వారికి నైపుణ్యము. జీతము తగ్గించినను నవ్వు పనివానిని తయారుచేయుట యెవరి లాభముకొరకో ఆలోచింపుడు.

మనవంటి కుటుంబములలో పుట్టిన పిల్లలకు ఈ విద్య ఊయలలోనే మొదలగుచున్నది. షోలాపురము నేతవారి పిల్లవాడు అమ్మమ్మతో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాటలాడును. బళ్లారివాడు ఒక వాక్యములోనే తెలుగునుండి కన్నడమునకు దాటును. హోసూరువానికి మూడు భాషలు చాలవు. ఎవరితో ఏ భాష, ఏ మర్యాద, ఎక్కడ "మీరు", ఎక్కడ "నువ్వు", ఒడియావారి "ఆపణ" ఎవరికి, "తుమె" ఎవరికి, ఇవి యెవరును వ్రాసిపెట్టి నేర్పరు. ఎదుటివాని ముఖము చూచి మాట మార్చుకొనుట మన పిల్లలకు ఊపిరి వంటిది. ఒకే భాష మధ్య పెరిగినవాడు దీనిని పెద్దయిన తరువాత కష్టపడి నేర్చుకొనవలసి యుండును. పెరటి చెట్టు మందునకు పనికిరాదని యనుకొని మనమే దానిని నరికివేయుచున్నాము. "మా వాడికి తెలుగు రాదండీ" అని అతిథుల యెదుట మురిసిపోవు తల్లిదండ్రులను మేము చూచితిమి. ఆ మాట చెప్పుటకు వారు వాడినది మంచి తెలుగే.

ఇంగ్లీషు వలదా యని అడుగుదురు. ఎవరు వలదనిరి? మేము ముప్పదితొమ్మిదేండ్లు ఇంగ్లీషు ఉత్తరములు వ్రాసియే అన్నము తింటిమి. ఇంగ్లీషును శ్రద్ధగా, వ్యాకరణముతో, చేతివ్రాతతో నేర్పుడు. దానికొరకు ఇంటి భాషను బలిపెట్టవలెననుట మాత్రము అజ్ఞానము. బ్రదుకుతెరువు మాటకే వత్తము. ప్రభుత్వరంగ బ్యాంకులలో గుమాస్తా ఉద్యోగమునకు దరఖాస్తు చేయువాడు ఆ రాష్ట్రపు అధికారభాష చదువుట, వ్రాయుట, మాటలాడుట తెలిసినవాడై యుండవలెను. మన పిల్లవానికి ఒడియాతోపాటు తెలుగు చదువ వ్రాయ వచ్చినచో ఒడిశాలోను, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోను ఏ యేడు ఎక్కడ ఖాళీ లెక్కువో చూచుకొని దరఖాస్తు చేయవచ్చును. మాటలాడ వచ్చి చదువ రానివానికి ఆ తలుపు మూయబడును. మా పేటలోనే అట్టివారు పదిమందికి తక్కువ లేరు. అక్షరములు నేర్పుటకు ఒక వేసవి చాలును. పన్నెండు వేలు అక్కరలేదు.

న్యాయముగా ఒక్కమాట. ఆ మేడమీద చదివినవారిలో మా వీధి పిల్ల యొకతె, నలుగురి యెదుట నోరు విప్పనిది, ఇప్పుడు ధైర్యముగా మాటలాడుచున్నది. అది మంచిపనియే, కాదనము. అయితే ఆ పిల్ల నోరు విప్పుటకు మన యిండ్లలో, మన సభలలో చోటేల లేకపోయెను? ఈ ప్రశ్న మేడమీదివారిని అడుగవలసినది కాదు. మనలను మనమే అడుగుకొనవలెను.

ఇచటనే మన సంఘముల పెద్దలమీదికి, అందు మేమును ఒకరము గనుక మామీదికి కూడ, మా కోపము తిరుగుచున్నది. మన తెలుగు సంఘములు ఏటేట ఉగాది చేయును. పంచాంగశ్రవణము, కవిసమ్మేళనము, శాలువలు. వేదికమీద నున్నవారందరు అరువది దాటినవారు. యువకులకు మనమిచ్చు పని కుర్చీలు వేయుట, పులిహోర పొట్లములు పంచుట. కార్యదర్శి పదవి ఇరువదేండ్లుగా ఒకరిదే. సభా నివేదిక వ్రాయువాడు ఒకడే. జమాఖర్చు పుస్తకము పదునొకండేండ్లు మా యింటి బీరువాలోనే యుండెను, తాళముచెవి మా జందెమునకు. ఇట్లు చేసి, పిల్లలకు నలుగురితో మెలగుట రాదని వాపోయి, వారిని మేడమీదికి పంపి డబ్బు కట్టుచున్నాము. సభ నడుపుట, ఇద్దరు కొట్లాడుకొనునప్పుడు మూడవవాడు మాట కలుపుట, జరిగినది జరిగినట్లు ఒక పుటలో వ్రాయుట, ఒకరి డబ్బునకు లెక్క చెప్పుట, ఇవన్నియు ఉద్యోగమున కావలసినవే. ఇవన్నియు మన సంఘములో ఉచితముగా దొరకును. మనము చేతులు విడువము.

ఈ సంచికకే ప్రకటనలు కూర్చు పని మొదటిసారి ముగ్గురు పిల్లలకు, అనగా ఇద్దరు యువకులకును ఒక యువతికిని అప్పగించితిమి. యువకులలో నొకడు మా ప్రక్కయింటివాడే. మొదటి దినము ఉదయము ఎనిమిదింటికే బయలుదేరి మధ్యాహ్నమునకు వట్టిచేతులతో వచ్చిరి. బోణీ కాకముందు డబ్బడిగినవానికి ఏ వర్తకుడు ఇచ్చును? మరునాడు పదునొకండింటికి వెళ్లిరి. బట్టల దుకాణమున గిరాకీలుండగా అడిగి యొకచోట చీవాట్లు తినిరి. మూడవనాడు దుకాణము ఖాళీ యగువరకు వెలుపల నిలిచిరి. మార్వాడీ సేఠుతో హిందీ, ఇనుప సామానుల ఒడియా వర్తకునితో ఒడియా, హోటలు యజమానితో తెలుగు. ఎవరును నేర్పలేదు. ఒక వర్తకుడు, పోయిన సంచికకు డబ్బిచ్చితిని, పుస్తకము మొగమైనను చూపలేదని మండిపడెను. ఆ తప్పు మాది. పంపుట మరచితిమి. ఆ యువతి, అప్పుడు నేను లేనని చెప్పి తప్పించుకొనవచ్చును. చెప్పలేదు. ఆయన మాట ముగియువరకు నిలిచి, క్షమింపుడని, మా యింటికి వచ్చి పాత ప్రతి తీసికొని, మరునాడు స్వయముగా ఇచ్చివచ్చినది. పావు పుట అడిగినచోట ఆయన అరపుట ఇచ్చెను. ఆ ప్రకటన ఈ సంచికలోనే యున్నది. మా ప్రక్కయింటివాడు ఈ నెలరోజులలో తల్లితో తెలుగున మాటలాడుట మరల మొదలుపెట్టెను. గోడ కివతలికి నవ్వులు వినబడుచున్నవి.

వచ్చు సర్వసభ్య సమావేశములో మేమొక తీర్మానము ప్రతిపాదింపబోవుచున్నాము. కార్యదర్శి, కోశాధికారి, సంచిక సంపాదకుడు, ఈ మూడు పదవులకును ముప్పదేండ్లు దాటినవారు పోటీ చేయరాదని. పెద్దలకు కోపము వచ్చును, వచ్చినచో ఆ సభలోనే, పిల్లల యెదుటనే వాదింతము. వారికి అదియు నొక పాఠము. మా వంతుగా జమాఖర్చు పుస్తకమును, తాళముచెవిని ఆ యువతికి ముందే అప్పగించితిమి. మొదటి నెల లెక్కలో పదునేడు రూపాయలు తేడా వచ్చినది. రెండు సాయంకాలములుగా ముగ్గురును కూర్చుండి వెదకుచున్నారు. అది యెక్కడ నున్నదో మాకు తెలియును. ఇంకను చెప్పలేదు.